మా బతుకు ఏ టెన్సులో ఉంది?

ఇంగ్లీషులో టెన్సులు పన్నెండు. నల్లబల్ల మీద గళ్ళు గీస్తాం. పైన ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్ అని రాస్తాం. పక్కన సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అని రాస్తాం. ఒక్కో గడిలో ఒక్కో వాక్యం పెడతాం. పిల్లలు బట్టీ పడతారు. మొదటి మూడు గళ్ళూ ఎలాగో దాటతారు. నాలుగో గడి దగ్గర ఆగిపోతారు. అదే ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్. ఎప్పుడో మొదలై, ఇప్పటికీ తెగకుండా సాగుతున్న పనిని చెప్పే టెన్సు.

దీనికి గైడు పుస్తకాల్లో ఉండే ఉదాహరణలు చూడండి. పొద్దుట్నించీ టెన్నిస్ ఆడుతున్న రామూ ఉంటాడు. రెండు గంటలుగా వీణ వాయిస్తున్న సీత ఉంటుంది. పొద్దుట్నించీ టెన్నిస్ ఆడేవాణ్ణి మా పల్లెలో ఎవరూ చూళ్ళేదు. పొద్దుట్నించీ నడుం వంచి నాట్లేసే వాళ్ళని చూశాం. ఆ వంచిన నడుం పుస్తకంలోకి రాదు. అందుకే మా పిల్లలకి ఈ టెన్సు పరాయిదిగా కనిపిస్తుంది. నిజానికి ఇంగ్లీషు టెన్సులన్నిట్లోకీ మా బతుక్కి బాగా దగ్గరగా ఉన్నది ఇదే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు పంతుల్ని. మాదిగోణ్ణి. మా ఇంటిపేరు మీద డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి. 2016 నుంచి ఈ పాఠం చెబుతున్నాను. ఈ ముక్కని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఐ హావ్ బీన్ టీచింగ్ దిస్ లెసన్ సిన్స్ 2016’ అనాలి. తెలుగులో ‘చెబుతున్నాను’ అంటే సరిపోయింది. ఇంగ్లీషులో ‘ఐ యామ్ టీచింగ్’ అంటే సరిపోదు. ఎందుకు సరిపోదో ఎవరూ నిదానంగా చెప్పరు. సరిపోలేదని నవ్వడం మాత్రం అందరికీ తెలుసు.

నేను డిగ్రీ చదివేటప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. నా పక్క ట్రంకుపెట్టె వాడొకడు. బాగా చదివేవాడు. లెక్కల్లో వాడిని దాటినోడు లేడు. ఒకరోజు ఇంగ్లీషు లెక్చరరు వాణ్ణి నిలబెట్టి నీ గురించి చెప్పమన్నాడు. వాడు ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ హాస్టల్ సిన్స్ త్రీ ఇయర్స్’ అన్నాడు. లెక్చరరు ఆ వాక్యాన్ని గొంతు మార్చి మళ్ళీ పలికి వినిపించాడు. క్లాసంతా నవ్వింది. “హాస్టల్ ఇంగ్లీషు” అన్నాడాయన. తప్పెక్కడుందో చెప్పలేదు. సరైన వాక్యం బోర్డు మీద రాయలేదు. “రిజర్వేషన్ లో వస్తే ఇంతే” అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత మా వాడు ఆ క్లాసులో నోరు తెరవలేదు. చివరి ఏడాది పరీక్షలకి కూర్చోకుండానే బేల్దారి పనికి హైదరాబాదు పోయాడు. ఒక్క టెన్సు వల్లే పోయాడని నేననను. ఇంట్లో అప్పుంది, చెల్లెలి పెళ్ళుంది. కానీ ఆ నవ్వు కూడా ఆ అప్పులో ఒక వడ్డీ.

వాడి వాక్యాన్ని నేను చాలాసార్లు విప్పి చూశాను. ‘మూడేళ్ళ నుంచి హాస్టల్లో ఉంటున్నాను.’ ఇదీ వాడి మనసులో ఉన్న తెలుగు వాక్యం. ఇందులో తప్పేముంది? తెలుగులో ‘నుంచి’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘2016 నుంచి’ అంటాం. ‘మూడేళ్ళ నుంచి’ అని కూడా అంటాం. ఒకటి మొదలైన చోటు. రెండోది గడిచిన కాలం కొలత. రెంటికీ ‘నుంచి’ చాలు. ఇంగ్లీషుకి చాలదు. మొదలైన చోటుకి సిన్స్ కావాలి, కొలతకి ఫర్ కావాలి. ఇక ‘ఉంటున్నాను’ అనే క్రియ తెలుగులో నిన్నటినీ ఇవాళ్టినీ కలిపి మోస్తుంది. ఇంగ్లీషులో ‘ఐ యామ్ స్టేయింగ్’ ఇవాళ్టిని మాత్రమే మోస్తుంది. వెనకున్న మూడేళ్ళని మొయ్యాలంటే ‘హావ్ బీన్’ అనే కాడి కావాలి. అంటే మా వాడు తెలివి తక్కువై ఆ మాట అనలేదు. తన భాష లెక్క ప్రకారం తిన్నగా అన్నాడు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు అని చెప్పడమే పంతులు పని. ఆ పనికి జీతం తీసుకుంటున్నవాడు ఆ పని చెయ్యలేదు.

ఇంకో సంగతి. ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అనే వాళ్ళు మన దేశమంతా ఉన్నారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు అంటారు, మీటింగుల్లో నాయకులంటారు. వాళ్ళంటే దాన్ని ఇండియన్ ఇంగ్లీష్ అంటారు. దాని మీద వ్యాసాలు కూడా రాస్తారు. మా వాడంటే హాస్టల్ ఇంగ్లీషు. తప్పుకి కూడా కులముంటుందని నాకా రోజే అర్థమైంది.

నేను పంతులయ్యాక ఈ టెన్సుని గైడు పుస్తకంలోంచి చెప్పడం మానేశాను. మా నాయనమ్మ మాటల్లోంచి చెప్పడం మొదలుపెట్టాను.

మా నాయనమ్మకి సంవత్సరాల అంకెలు తెలీవు. ఆమె కాలానికి గుర్తు ఉప్పెన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన. దివిసీమని తుడిచిపెట్టిన ఆ ఉప్పెన మా గుంటూరు జిల్లా తీరాన్ని కూడా కొట్టింది. పల్లంలో ఉన్న మా గుడిసెలు పోయాయి. బతికినవాళ్ళు కాలవ కట్ట మీదికి ఎక్కారు. అప్పట్నించి అక్కడే. “ఉప్పెన అప్పట్నించి ఈడే పడున్నాం” అనేది నాయనమ్మ. ఇది అచ్చమైన సిన్స్ వాక్యం. సిన్స్ పక్కన తేదీయే ఉండాలని లేదు, మొదలు చెప్పే ఏ గుర్తయినా ఉండొచ్చు. సిన్స్ 1977. సిన్స్ ద సైక్లోన్. సిన్స్ మై చైల్డ్‌హుడ్. అన్నీ ఒప్పే.

అదే నాయనమ్మ దొర ఇంటి గొడ్లచావిడి గురించి చెబితే “మూడు తరాలుగా ఆళ్ళ పేడ ఎత్తుతున్నాం” అనేది. ఇది ఫర్ వాక్యం. ఫర్ త్రీ జనరేషన్స్.

ఈ రెండు వాక్యాల్లోనే మా పిల్లలకి ఒక పరీక్ష దొరికింది. కాలం చెప్పే మాట వెనక ‘గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్ళుగా’ అనొచ్చు. ‘రెండు గంటలుగా’ అనొచ్చు. ‘తరతరాలుగా’ అనొచ్చు. ‘గా’ అతికితే ఫర్. ‘2016గా’ అనలేం. ‘పొద్దుటగా’ అనలేం. ‘ఉప్పెనగా’ అనలేం. ‘గా’ అతక్కుండా ‘నుంచి’ మాత్రమే అతికితే సిన్స్. ఏడో తరగతి పిల్లాడు కూడా ఇంట్లో పలికే తెలుగుతో ఇది తేల్చుకోగలడు. ఏ గ్రామర్ పుస్తకమూ వాడికి అక్కర్లేదు. ‘ఎప్పట్నించి’ అంటే సిన్స్ వెన్. ‘ఎన్నాళ్ళుగా’ అంటే ఫర్ హౌ లాంగ్.

ఇక క్రియ. ఐ, వి, యు, దే అయితే హావ్. హి, షి, ఇట్ అయితే హాజ్. తర్వాత బీన్. ఈ బీన్ ఎవరొచ్చినా మారదు. తర్వాత అసలు పనికి ఇంగ్. ప్రశ్న వెయ్యాలంటే హావ్ ముందుకొస్తుంది. ‘హౌ లాంగ్ హావ్ యు బీన్ వెయిటింగ్?’ కాదనాలంటే హావ్ పక్కన నాట్. ‘నిన్న’ అనీ ‘పోయినేడు’ అనీ తెగిపోయిన కాలాన్ని దీని పక్కన పెట్టకూడదు. తెగినదానికీ దీనికీ పొత్తు కుదరదు. తెలుగులో దీనికి దగ్గర రూపం లేదనుకోకండి. ‘చేస్తా వస్తున్నాం’ అంటారు మా వాళ్ళు. ఆ ‘వస్తున్నాం’లో నడకుంది. వెనక ఎక్కడో బయల్దేరి, ఇక్కడిదాకా వచ్చి, ఇంకా ఆగని నడక. హావ్ బీన్ అంటే అదే. మా అమ్మ రోజూ వాడే మాట అది. పేరు తెలీదు గాని వ్యాకరణం తెలుసు.

మా అమ్మ ఏటా మిరప కోతలకి పోయేది. మాఘమాసం దాటాక తట్టాబుట్టా సర్దుకుని ముఠాగా పోయేవాళ్ళు. ఆ చేల గట్ల మీదే గుడారాలు. రెండు నెలలకి తిరిగొచ్చేది. వచ్చిన రాత్రి నాకు అన్నం కలిపి పెట్టలేకపోయేది. ఆ చెయ్యి నోటికి తగిలితే మంట. ఎన్నిసార్లు కడిగినా పోదు. పసిబిడ్డ తల్లులైతే పాలివ్వడానికి కూడా జంకేవాళ్ళు. ఈ టెన్సుకి ఉన్న రెండో వాడకాన్ని నేను ఈ చేతుల్తో చెబుతాను. పని ఆగిపోయింది. ఆమె ఇప్పుడు చేలో లేదు, ఇంట్లో ఉంది. కానీ పని గుర్తు ఒంటి మీద ఉంది. ‘హర్ హాండ్స్ ఆర్ బర్నింగ్. షి హాజ్ బీన్ పికింగ్ చిల్లీస్.’ ఇక్కడ సిన్స్ అక్కర్లేదు, ఫర్ అక్కర్లేదు. ఆ మంటే సాక్ష్యం.

దీని పక్కనే ఇంకో వాక్యం పెడతాను. ‘షి హాజ్ పిక్డ్ త్రీ బాగ్స్.’ మూడు టిక్కీలు కోసింది. ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఎంత అయిందో చెబుతుంది. లెక్క తేలింది, టిక్కీ మూతి కుట్టేశారు. రైతు అడిగేదెప్పుడూ ఈ ప్రశ్నే. ఎన్ని టిక్కీలైనయ్యి? ఎప్పట్నించి వంగున్నావు, ఎంతసేపుగా ఎండలో ఉన్నావు అని అడగడు. సరుకు లెక్క ఒక టెన్సులో ఉంటుంది, ఒళ్ళు పడ్డ శ్రమ ఇంకో టెన్సులో ఉంటుంది. ఈ రెంటి తేడా చెప్పమని పరీక్షల్లో అడుగుతారు. మా ఆడపిల్లలు ఈ ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

కొన్ని క్రియలకి ఇంగ్ చేరదు. నో, బిలాంగ్, ఓన్ లాంటివి. ఇవి పనులు కావు, స్థితులు. ‘ఐ హావ్ బీన్ నోయింగ్ హిమ్’ అనకూడదు, ‘ఐ హావ్ నోన్ హిమ్’ అనాలి. పిల్లలు ఎందుకు సార్ అంటారు. మా ఊరి పొలం గురించి రెండు వాక్యాలు రాస్తాను. ‘దే హావ్ ఓన్డ్ ద లాండ్ ఫర్ జనరేషన్స్. వి హావ్ బీన్ ప్లౌయింగ్ ఇట్ ఫర్ జనరేషన్స్.’ తరతరాలుగా భూమి వాళ్ళది. తరతరాలుగా దున్నుతున్నది మేం. సొంతం కావడానికి ఒళ్ళు కదలక్కర్లేదు, అందుకే దానికి ఇంగ్ లేదు. దున్నాలంటే కదలాలి, దానికి ఇంగ్ ఉంది. ఈ పాఠం చెప్పిన రోజు ఒక పిల్లాడు “సార్, అయితే ఇంగ్ అంతా మనదేగా” అన్నాడు. వ్యాకరణం ప్రకారం అది పూర్తిగా నిజం కాదు, ఆడుకునేవాడికీ తినేవాడికీ కూడా ఇంగ్ ఉంది. కానీ వాడి మాట కొట్టెయ్యబుద్ధి కాలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. ఈ టెన్సు మా మీద చేసే పని కంటే, ఈ టెన్సు లేకుండా మా గురించి రాయడం మా మీద చేసే పని పెద్దది.

సాంఘిక శాస్త్రం జవాబుల్లో పిల్లలు ఏం రాస్తారు? పూర్వం అంటరానితనం ఉండేది. ఉండేది! 1950 జనవరి 26న అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో దాన్ని రద్దు చేసింది, ఆచరణని నిషేధించింది. చట్టం రద్దు చేసింది నిజం. అది సింపుల్ పాస్ట్‌లో చెప్పాల్సిన నిజం. ఊరు రద్దు చేసిందా? ఆ నిజం వేరే టెన్సులో ఉంది.

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ మా బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండేది. ఒకరోజు ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకొచ్చి, “సార్, మా అమ్మ వండటం మొదలుపెట్టిన కాణ్ణించి కొంతమంది ఇంటి దగ్గర్నుంచి క్యారేజీలు తెచ్చుకుంటున్నారు. దీన్ని ఇంగ్లీషులో ఎట్టా రాయాలి?” అంది. అందరి ముందే అడిగింది. క్లాసు గప్‌చిప్. క్యారేజీలు తెచ్చుకునే పిల్లలు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు, వాళ్ళ తల్లిదండ్రులు పంపితే తెచ్చుకునే పిల్లలు. నేను బోర్డు మీద రాశాను. ‘దే హావ్ బీన్ బ్రింగింగ్ దెయిర్ ఓన్ లంచ్ సిన్స్ మై మదర్ స్టార్టెడ్ కుకింగ్.’ మొదలైన పని సింపుల్ పాస్ట్, సాగుతున్న పని హావ్ బీన్. ఒకే వాక్యంలో రెండూ.

అప్పుడొక పిల్లాడు లేచి, “సార్, దే అని రాయకుండా పాసివ్ వాయిస్‌లో రాద్దాం” అన్నాడు. వాడు క్యారేజీ తెచ్చుకునేవాళ్ళలో ఒకడు. నేను వాణ్ణి కోప్పడలేదు, రాయమన్నాను. ‘లంచ్ హాజ్ బీన్ బీయింగ్ బ్రాట్’ అని రావాలి. బీన్ పక్కన బీయింగ్. చదవడానికి నాలుక తిరగదు. ఇంగ్లీషు వాళ్ళు కూడా దాదాపుగా వాడరు. ఈ టెన్సుని పాసివ్‌లోకి తిప్పడం కష్టం. ఈ సంగతి నేను డిగ్రీలోనే చదువుకున్నా, దాని బరువు నాకు ఆ గంటలో తెలిసింది. అంటే ఇందులో చేసేవాణ్ణి దాచలేం. ‘అవమానించబడ్డారు’ అని రాసి, ఎవరు అవమానించారో చెప్పకుండా దాటెయ్యడం సింపుల్ పాస్ట్‌లో చాలా తేలిక. పేపర్లు ఎప్పుడూ అలాగే రాస్తాయి. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్‌లో మాత్రం కర్త ముందొచ్చి కూర్చోవాల్సిందే. ఎవరు? దే. ఎప్పట్నించి? సిన్స్. తప్పించుకోడానికి సందు లేదు.

ఆ వాక్యం ఆ రోజంతా బోర్డు మీదే ఉంచాను. ఎవరూ తుడవలేదు. మర్నాడు క్యారేజీలన్నీ మాయమయ్యాయని చెబితే అబద్ధం. ఒకటి తగ్గింది. ఎవరిదో నేనడగలేదు.

చావులకి కూడా టెన్సు ఉంటుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చంపడం జరిగిపోయిన పని, తేదీ ఉన్న పని. దానికి సింపుల్ పాస్టే సరైంది. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి జనం పోట్లాడాల్సొచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. కోర్టుల పనులన్నీ ఇలా తేదీల్తో, సింపుల్ పాస్ట్‌లో తెగిపోతుంటాయి. చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో జరిగింది ఏమిటి? ఎదురుచూడ్డం. తీర్పు వచ్చేనాటికి పదహారేళ్ళుగా చూస్తా ఉన్నారు. ఇంగ్లీషులో ఇక్కడ హావ్ బీన్ కాదు, హాడ్ బీన్ రావాలి. ‘వెన్ ద జడ్జిమెంట్ కేమ్, దే హాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ సిక్స్‌టీన్ ఇయర్స్.’ గతంలో ఒక చోట ఎదురుచూపు ఆగితే హాడ్. హైకోర్టు కొట్టేసిన రోజున ఆ ఇళ్ళకి ఇంకో కొత్త సిన్స్ మొదలైంది.

అంబేద్కర్ 1930లలో తన అనుభవాలు కొన్ని ఇంగ్లీషులో రాసుకున్నారు. అది 1990లో పుస్తకంగా వచ్చింది. పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. 1901లో తండ్రిని చూడబోతున్న పిల్లాడిగా ఆయనకి స్టేషన్లో బండి కట్టేవాడు దొరకలేదు. చివరికి బండివాడు పక్కన నడుస్తానని, పిల్లలే బండి తోలుకోవాలని, రెట్టింపు బాడుగ ఇవ్వాలని ఒప్పుకున్నాడు. అమెరికాలో చదువుకుని వచ్చాక బరోడాలో ఉండడానికి గది లేకుండా పోయింది. ఈ సంఘటనలన్నీ ఆయన సింపుల్ పాస్ట్‌లోనే చెప్పారు. పుస్తకం పేరులో మాత్రం ఇంగ్ ఉంది. ఒక్కొక్క అవమానం ముగిసింది, ఎదురుచూపు ముగియలేదు. టెన్సు వాడడం తెలిసినవాడు పేరు పెడితే అలా ఉంటుంది.

ఇదంతా క్లాసురూము ముచ్చట అనుకునే కార్యకర్తలకి ఇంకొక సంగతి చెప్పాలి. కాలవ కట్ట మీద ఉన్న మా ఇళ్ళకి ఒక ఏడాది నోటీసులొచ్చాయి. పోరంబోకు ఆక్రమణ, ఖాళీ చెయ్యండి అని. ఊరి మోతుబరి చేపల చెరువులకి మా కట్ట అడ్డం. మేం హైకోర్టుకి పోయాం. టౌన్లో మా లాయరు కూడా మనోడే, మంచివాడు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు అఫిడవిట్ టైపు చేశాడు. హైకోర్టు కాగితాలు ఇంగ్లీషులోనే ఉండాలి కదా. సంతకం రాని వాళ్ళ చేత, తెలుగులో చదివి వినిపించి అర్థం చెప్పామని రాసి, వేలిముద్ర వేయించుకుంటారు.

మా అమ్మ బొటనవేలు సిరాబిళ్ళ మీద పెట్టబోతూ నా వంక చూసింది. “అందులో ఏం రాసుందిరా?” అంది. కాగితం తీసుకుని చదివాను. ‘ద పెటిషనర్స్ లివ్డ్ ఇన్ ద సెడ్ ప్లేస్ ఫర్ మోర్ దాన్ ఫార్టీ ఇయర్స్’ అని ఉంది. నలభై ఏళ్ళకి పైగా అక్కడ ఉండేవాళ్ళట. లివ్డ్ అంటే ఉండి, పోయారు. ఇప్పుడు లేరు.

“సార్, ఈ క్రియ మార్చాలి” అన్నాను.

“అర్థం ఒకటేగా మాస్టారూ” అన్నాడు లాయరు.

“ఒకటి కాదు సార్. ఇట్టా రాస్తే మేం అక్కడ ఇప్పుడు లేమని మేమే చెప్పుకున్నట్టు. అవతలి లాయరు ఈ ముక్కే పట్టుకుంటాడు. మా కేసంతా ఇప్పటికీ ఉంటున్నాం అనే మాట మీదే ఉంది.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి చదివాడు. కుర్రాణ్ణి పిలిచి మార్పించాడు. ‘హావ్ బీన్ లివింగ్ కంటిన్యువస్‌లీ సిన్స్ 1977.’ ‘హావ్ లివ్డ్’ అన్నా ఇక్కడ తప్పు కాదు. లివ్, వర్క్ లాంటి క్రియలకి రెండూ చెల్లుతాయి. కానీ తెగకుండా ఉంటున్నామని గట్టిగా చెప్పాలంటే హావ్ బీన్ లివింగే మేలు.

“ఇప్పుడేం రాసుంది?” అంది అమ్మ.

“ఉప్పెన అప్పట్నించి ఈడే ఉంటా వస్తున్నాం అని రాసుందమ్మా.”

“మరదేగా నిజం” అని వేలిముద్ర వేసింది.

ప్రస్తుతానికి ఇళ్ళు కదిలించొద్దని ఉత్తర్వు వచ్చింది. ఆ ఒక్క క్రియ వల్లే వచ్చిందని నేననను. కరెంటు బిల్లులున్నాయి, రేషన్ కార్డులున్నాయి, మా వాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. కానీ ఏం రాసుందో తెలియని కాగితాల మీద వేలిముద్రలు వెయ్యడం మాకు కొత్త కాదు. మా తాత అలా వేసిన ఒక నోటు వల్ల మా నాయన పన్నెండేళ్ళు జీతం చేశాడు. ఆ నోటులో ఏ క్రియ ఏ రూపంలో ఉందో చదివేవాడు మా ఇంట్లో అప్పుడు లేడు.

ఇంగ్లీషు మీడియం గురించి ఇక్కడ రెండు ముక్కలు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం అని ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అదే ఏడాది ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. ఈ గొడవలో తెలుగు చచ్చిపోతుందని పెద్దలు చాలా బాధపడ్డారు. వాళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివారో వాళ్ళనే అడగండి. వాళ్ళు కాపాడతామన్న తెలుగులో మా నాయనమ్మ తెలుగు ఎప్పుడైనా ఉందా? ‘ఉంటా వస్తున్నాం’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసిన తెలుగే కదా అది! మాకు ఇంగ్లీషు కావాలి. హైకోర్టులో మా ఇల్లు ఇంగ్లీషులో ఉంది కాబట్టి కావాలి. అయితే దాన్ని మా పల్లె తెలుగులోంచే నేర్చుకుంటాం. మీడియం ఇంగ్లీషని బోర్డు తగిలించి, పిల్లాడు ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అనగానే నవ్వే పంతుల్ని లోపల కూర్చోబెడితే, ఆ మీడియం కూడా మాకు ఇంకో ఊరి చెరువే. నీళ్ళుంటాయి, ముట్టనివ్వరు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఒకటే. అర్జీ రాసినా, అఫిడవిట్ రాసినా, ఇంగ్లీషు పేపరుకి ఉత్తరం రాసినా క్రియ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈ పని ముగిసిందా? ముగిస్తే ముగిసిందని తేదీ వేసి రాయండి. ముగియలేదా? అయితే హావ్ బీన్ రాయండి, చేస్తున్నవాడెవడో రాయండి, ఎప్పట్నించో రాయండి. సాగుతున్నదాన్ని ‘ఉండేది’ అని రాసే వాళ్ళ చేతిలో మన కథ పెట్టకండి.

ఈ టెన్సు మనకి శాశ్వతం కాదు. ఏ టెన్సూ ఎవరికీ శాశ్వతం కాదు. పని ఆగిన రోజున హావ్ పోయి హాడ్ వస్తుంది. ఆ రోజు మన పిల్లలు హాడ్ బీన్ అని రాస్తారు, అది కూడా నేను నేర్పుతాను. అందాకా హావ్ బీన్ తప్పు లేకుండా రాద్దాం.